నైరోబీలో మన డబ్బుతో పిల్లల ఆశ్రమం కట్టాలా? సలహా కావాలి

పార్క్‌లాండ్స్ పులిహోర | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నైరోబీకి వచ్చి పదకొండేళ్ళయింది. ఇక్కడ మన తెలుగువాళ్ళం ఓ పాతిక కుటుంబాలం కలిసి నెలకో ఆదివారం గ్లోబ్ రౌండబౌట్ దగ్గర, జీవన్‌జీ గార్డెన్స్ బయట వీధి పిల్లలకి తిండి పెడుతున్నాం. మొదట్లో పులిహోర పట్టుకెళ్ళాం (నా పేరు అలా వచ్చిందే). ఆ పులుపు వాళ్ళకి ఎక్కలేదు. చపాతీకైతే ఎగబడతారు, "చపో, చపో" అంటూ. ఇప్పుడు చపాతీ, బీన్స్ కూర.

పోయిన నెల ఒకడు వచ్చాడు. పన్నెండేళ్ళుంటాయేమో. పై పెదవి కింద ప్లాస్టిక్ సీసా ఇరికించుకుని ఉన్నాడు, చెప్పులు అతికించే జిగురు. ఇక్కడ 'గమ్' అంటారు. అది పక్కన పెట్టి తినరా అంటే "బరీది" అన్నాడు. చలి అని. జూలైలో నైరోబీ చలి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, మనం ఇంట్లో రెండు దుప్పట్లు కప్పుకుంటాం. వీడు అట్టముక్క మీద పడుకుంటాడు.

అసలు విషయం. ఉగాది కార్యక్రమం మిగులు, విరాళాలు కలిపి 18 లక్షల షిల్లింగులు చేతిలో ఉన్నాయి. కితెంగెలా వైపు అర ఎకరం స్థలం ఇస్తామని ఒకాయన అంటున్నారు. ముప్పై మంది మగపిల్లలకి ఆశ్రమం కట్టాలని కమిటీలో ఎక్కువమంది మాట. ఇలాంటివి చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆ బాబు ఫోటో కింద పెడుతున్నాను.

గోదారి గట్టు | శనివారం, రాత్రి 10:05

మానవ సేవే మాధవ సేవ. నా వంతు 20 వేలు రాసుకోండి. శంకుస్థాపనకి పిలవండి.

మోడరేటర్ | శనివారం, రాత్రి 10:31

ఫోటో తీసేశాను. పిల్లవాడి మొహం, చేతిలో సీసా రెండూ స్పష్టంగా ఉన్నాయి. వాడు ఒప్పుకున్నా పెట్టకూడదు, పన్నెండేళ్ళవాడి ఒప్పుకోలు లెక్కలోకి రాదు. మన పిల్లలు అలా ఉన్నప్పుడు మనం పెడతామా?

పార్క్‌లాండ్స్ పులిహోర | శనివారం, రాత్రి 10:44

నిజమే, తట్టలేదు. సారీ.

ఎల్డోరెట్ అక్క | ఆదివారం, ఉదయం 7:15

తమ్ముడూ, కోప్పడకుండా చదువు. కట్టకండి.

నేను ఎల్డోరెట్‌లో వీధి పిల్లలతోనే పనిచేస్తాను, కౌన్సెలింగ్. తొమ్మిదేళ్ళు. చట్టం సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే స్థలం రిజిస్ట్రేషన్ దాకా వెళ్ళి ఆగిపోయినవాళ్ళని చూశాను. 2017 నవంబరులో కెన్యా ప్రభుత్వం కొత్త పిల్లల ఆశ్రమాల రిజిస్ట్రేషన్ నిలిపేసింది. తరువాత 2022 నుంచి 2032 దాకా పదేళ్ళ ప్రణాళిక పెట్టుకున్నారు, ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్ని కుటుంబాల్లోకి చేర్చాలని. దేశం మూసే దిశలో వెళుతుంటే మీరు పునాది తీస్తానంటున్నారు.

మరి ఎందుకు మూస్తున్నారంటే, ఆ పిల్లల్లో చాలామంది అనాథలు కాదు. తల్లి ఉంటుంది, అమ్మమ్మ ఉంటుంది, పినతండ్రి ఉంటాడు. చాలాసార్లు ఆ పినతండ్రే కారణం. నేను మొదట్లో వాలంటీరుగా వెళ్ళిన ఒక ఆశ్రమంలో (పేరు వద్దు) నలభై మంది పిల్లలు ఉండేవాళ్ళు. రిజిస్టరులో అందరూ అనాథలే. అందులో ఇద్దరు అన్నదమ్ముల తల్లి అదే ఊరి మార్కెట్లో సుకుమా ఆకుకూర అమ్మేది. దాతలు వచ్చే రోజు కొత్త చొక్కాలు, స్వాగత గీతం. కారు గేటు దాటగానే చొక్కాలు బీరువాలోకి. ఆ చిన్నవాడు ఒకసారి నన్ను అడిగాడు, "మా అమ్మ చచ్చిపోయిందని పాడమంటున్నారు, పాడితే నిజంగా చచ్చిపోతుందా?" అని. ఆరోజు నుంచి ఆశ్రమం అనే మాట వింటే నాకు ఆ చొక్కాలే గుర్తొస్తాయి.

ఇళ్ళు వదిలి రోడ్డు మీదకి రావడానికి కారణాలు ఒకటి కాదు. తిండి లేకపోవడం, దెబ్బలు, తాగుబోతు పెద్దలు, హెచ్‌ఐవీతో తల్లిదండ్రులు పోతే చుట్టాలు చూడలేకపోవడం. మా ఎల్డోరెట్ వైపు 2007 డిసెంబరు ఎన్నికల తరువాత జరిగిన గొడవలు ఒకటి, ఎన్నో కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. ఇంకొకటి బడి. 2003 నుంచి ప్రాథమిక చదువు ఉచితం. ఫీజు లేదు సరే, యూనిఫాం ఎవరిస్తారు? పరీక్ష డబ్బులు, మధ్యాహ్నం భోజనం డబ్బులు? అవి కట్టలేదని టీచరు ఇంటికి పంపేస్తే, ఇంట్లో తిండి లేకపోతే, మూడోది పట్నమే.

మీ దగ్గరున్న డబ్బుతో ముప్పై మందికి గోడలు కట్టొచ్చు. తరువాత ఏటేటా వంటమనిషి జీతం ఎవరిస్తారు? అదే డబ్బు కుటుంబాలకి పెడితే ఎంత దూరం వస్తుందో లెక్క కట్టి రాస్తాను. డ్యూటీకి టైమైంది.

రాయలసీమ రౌతు | ఆదివారం, ఉదయం 8:50

మన దేశంలో వీధి పిల్లలు లేరా? సికింద్రాబాద్ స్టేషన్‌లో లేరా? ఈ చొకొరాలకి ఎంత పెట్టినా మళ్ళీ జిగురు కొంటారు. నా పర్సు లాక్కున్నారు రెండేళ్ళ క్రితం రివర్ రోడ్డులో.

ఎల్డోరెట్ అక్క | ఆదివారం, మధ్యాహ్నం 1:20

రౌతు గారూ, పర్సు పోయినందుకు బాధే. కానీ ఆ మాట వాడకండి. కుచొకొరా అంటే స్వాహిలీలో గెలకడం. చెత్తకుప్ప గెలికేవాడని ఆ పేరు పెట్టారు. 1970ల్లో వీళ్ళని 'పార్కింగ్ బాయ్స్' అనేవాళ్ళట, కార్లకి చోటు చూపించి చిల్లర తీసుకునేవాళ్ళు కాబట్టి. అప్పట్లో కనీసం చేసే పనితో పిలిచారు. ఆ రోజుల్లోనే ఫాదర్ ఆర్నాల్డ్ గ్రోల్ అనే డచ్ పూజారి వాళ్ళ కోసం ఉండుగు సొసైటీ మొదలుపెట్టాడు, ఇప్పటికీ ఉంది. ఇక్కడ మర్యాదగా చెప్పాలంటే 'వతోతో వ మ్తాని', వీధి పిల్లలు.

జిగురు కొంటారు, నిజం. అది ఆకలి తెలియనివ్వదు, చలి తెలియనివ్వదు. నిద్రలో ఎవరైనా తన్నితే కూడా తెలియనివ్వదు. సీసా లాగేసుకుంటే మానరు, రాత్రి పడుకోవడానికి భయం లేని చోటు దొరికాకే మెల్లగా మానతారు. మానేదాకా రెండు మూడు సార్లు మళ్ళీ పడతారు. మన ఇళ్ళల్లో సిగరెట్ మానేసిన మామయ్యలు ఎన్నిసార్లు మానేశారో గుర్తు తెచ్చుకోండి.

ఉప్మా ఉద్యమకారుడు | ఆదివారం, మధ్యాహ్నం 2:02

మా మామయ్య పదహారోసారి మానేస్తున్నాడు.

పార్క్‌లాండ్స్ పులిహోర | ఆదివారం, సాయంత్రం 5:30

అక్కా, మీ మాటలు అర్థమయ్యాయి గానీ ఒక్కటి మింగుడుపడటం లేదు. 2032 ప్రణాళిక సరే. ఈ రాత్రి అట్టముక్క మీద పడుకునేవాడికి ఏం చెప్పాలి? ప్రణాళిక పూర్తయ్యేదాకా ఆగరా బాబూ అనా?

ఇంకోటి, లెక్కలు చూశాను. 2018లో కెన్యా ప్రభుత్వం వీధుల్లో ఉన్నవాళ్ళని లెక్కపెడితే దేశం మొత్తం 46,639 మంది, ఒక్క నైరోబీలోనే 15,337. ఇందులో పెద్దవాళ్ళు, కుటుంబాలు కూడా ఉన్నారు. 2003లో కిబాకీ ప్రభుత్వం వచ్చాక వీధి కుటుంబాల పునరావాసానికి ట్రస్ట్ ఫండ్ పెట్టారు, వేలమంది కుర్రాళ్ళని నేషనల్ యూత్ సర్వీస్ క్యాంపులకి తీసుకెళ్ళారు. అప్పుడు నైరోబీ వీధులు ఖాళీ అయిపోయాయని పాతవాళ్ళు చెప్తారు. మళ్ళీ నిండిపోయాయి. మరి ప్రభుత్వం వల్లే కానిది ముప్పై మందితో మనం మొదలుపెడితే తప్పేంటి?

కంపాలా కుర్రోడు | ఆదివారం, రాత్రి 8:12

అన్నా, మీరు నయం. మా కంపాలాలో చపాతీ పెడితే మీరే జైలుకి. 2019లో ఇక్కడి నగరపాలక సంస్థ చట్టం తెచ్చింది. వీధి పిల్లలకి డబ్బు గానీ తిండి గానీ బట్ట గానీ ఇస్తే నేరం, ఆరు నెలల దాకా జైలు లేదా 40 వేల ఉగాండా షిల్లింగుల జరిమానా. వాళ్ళు చెప్పే కారణం పూర్తిగా కొట్టేయలేం. కరమోజా ప్రాంతం నుంచి, ముఖ్యంగా నపాక్ జిల్లా నుంచి, చిన్న చిన్న పిల్లల్ని తీసుకొచ్చి సిగ్నళ్ళ దగ్గర కూర్చోబెడతారు. చెయ్యి చాపి కూర్చోవడమే పని. సాయంత్రం వేరేవాళ్ళు వచ్చి లెక్క తీసుకుంటారు. మనం వేసిన నాణెం పిల్ల చేతిలో ఉండేది సాయంత్రం దాకే.

కానీ చట్టం పేరు చెప్పి చేసేది మాత్రం లారీల్లో ఎక్కించుకుపోవడం. ఏదైనా పెద్ద సమావేశం ఉందంటే చాలు. కంపిరింగీసా అని ఒక పునరావాస కేంద్రం ఉంది, అక్కడికి తోలేవాళ్ళు. మళ్ళీ వారం తిరక్కుండానే అదే పిల్ల అదే సిగ్నల్ దగ్గర. 2014లో హ్యూమన్ రైట్స్ వాచ్ వాళ్ళు దీని మీదే రిపోర్టు రాశారు, పోలీసులే కొట్టి డబ్బులు లాక్కుంటారని పిల్లలు చెప్పిన మాటలతో సహా.

ఎల్డోరెట్ అక్క | ఆదివారం, రాత్రి 9:00

లారీల మాట వచ్చింది కాబట్టి, కెన్యా ఏం తక్కువ తినలేదు. 2019లో నకురు పట్టణం నుంచి వీధి పిల్లల్ని రాత్రిపూట లారీ ఎక్కించి పక్క బరింగో కౌంటీ అడవిలో దింపేసి వచ్చారు. పేపర్లన్నీ రాశాయి. ఆ కబురు వచ్చిన తెల్లారి మా సెంటర్లో ఒక్క పిల్లాడు కూడా తెల్ల వ్యాన్ దగ్గరకి రాలేదు, మా అంబులెన్స్ కూడా తెల్లదే మరి. నైరోబీలో 'కాంజో' అంటే వీధి పిల్లలకి ఎంత భయమో మీకు తెలుసు, కౌంటీ అస్కారీలు, అంటే కౌంటీ గార్డులు.

తమ్ముడు అడిగిన ఈ రాత్రి మాట గురించి. దానికి ఆశ్రమం అక్కర్లేదు. రాత్రి పడుకోవడానికి, స్నానానికి, దెబ్బకి కట్టు కట్టించుకోవడానికి, పగలు వచ్చిపోవడానికి ఉండే సెంటర్లు ఉన్నాయి, తలుపు లోపల్నుంచి గడియ పెట్టనివి. వాటికి పరుపులు, మందులు, ఒక సోషల్ వర్కర్ జీతం ఎప్పుడూ తక్కువే. అక్కడికి ఇవ్వండి. పిల్లాడికి ప్రమాదం అనిపిస్తే 116కి ఫోన్ చేయండి, ఉచితం, మన 1098 లాంటిదే. సబ్ కౌంటీ చిల్డ్రెన్ ఆఫీసర్‌కి చెప్పకుండా ఎవర్నీ తీసుకెళ్ళి ఎక్కడా పెట్టకూడదు, మంచి మనసుతోనైనా.

బెజవాడ బాబాయ్ | సోమవారం, ఉదయం 6:05

నేను ఆఫ్రికా చూడలేదు. విజయవాడ స్టేషన్ చూశాను, ముప్పై ఏళ్ళు రైల్వేలో. 1989లో సేల్షియన్ ఫాదర్లు (కేథలిక్ సన్యాసులు) నవజీవన్ బాల భవన్ పెట్టినప్పుడు మా ప్లాట్‌ఫాం మీదే తిరిగేవాళ్ళు. మొదట్లో మాకు నవ్వొచ్చేది. పిల్లాడి పక్కన కింద కూర్చుని గంటలు గంటలు మాట్లాడేవాళ్ళు. పట్టుకెళ్ళి పడేయక ఈ ముచ్చట్లు ఏంటి అనుకునేవాణ్ణి.

ఒక పిల్లాడు ఉండేవాడు, ఒడిశా వాడు. ఇంటికి పంపిస్తే వారంలో తిరిగొచ్చాడు. మళ్ళీ పంపారు, మళ్ళీ వచ్చాడు. మూడోసారి నేనే అడిగాను, ఎందుకురా అని. "ఇంట్లో అందరూ నన్ను స్టేషన్‌గాడు అంటున్నారు" అన్నాడు. ఆ ఫాదర్లు నాలుగోసారి వాడితోపాటు వెళ్ళి ఆ ఊళ్ళో నాలుగు రోజులు ఉండి వచ్చారట. అప్పుడు నిలిచాడు. పంపడానికి టికెట్ చాలు, నిలబెట్టడానికి మనిషి కావాలి. పులిహోర గారూ, మీ డబ్బులో ఆ మనిషి జీతం ఉందా?

అదే సేల్షియన్ల పని నైరోబీలో కూడా ఉందని విన్నాను, బాస్కో బాయ్స్ అని. వెళ్ళి చూడండి.

డాకర్ గాలి | సోమవారం, మధ్యాహ్నం 12:40

సెనెగల్ నుంచి. చపాతీ చర్చ చదువుతుంటే ఒకటి చెప్పాలనిపించింది, కాస్త చేదుగా ఉంటుంది.

ఇక్కడ వీధి పిల్లలంటే ముందుగా తాలిబేలు. ఐదారేళ్ళ పిల్లలు కూడా ఉంటారు, చేతిలో టమాటా పేస్టు ఖాళీ డబ్బా. ఖురాన్ నేర్పే దారా అనే బళ్ళలో ఉంటారు. పల్లెల్లో ఈ బళ్ళు తరతరాలుగా ఉన్నాయి, అన్నీ చెడ్డవి కావు. గురువు పొలంలో పనిచేసేవాళ్ళు, వినయం రావాలని కొంచెం భిక్ష. 1970ల కరువులకి పల్లెలు ఎండిపోయి గురువులు పట్నాలకి వచ్చారు. పట్నంలో పొలం లేదు, పిల్లలే పొలం అయ్యారు. కొన్ని చోట్ల రోజుకింత అని కోటా, డబ్బు, బియ్యం, పంచదార. తగ్గితే దెబ్బలు. బలవంతంగా అడుక్కోవాల్సి వస్తున్న తాలిబేలు లక్షకి పైనే అని హ్యూమన్ రైట్స్ వాచ్ 2019లో రాసింది. పక్క దేశం గినీ బిస్సావు నుంచి కూడా వస్తారు.

చట్టం లేదా? 2005 నుంచి ఉంది, ఇతరుల చేత అడుక్కుతినిపించడం నేరం. 2014లో ఆఫ్రికా బాలల హక్కుల నిపుణుల కమిటీ, సెనెగల్ ప్రభుత్వం ఈ పిల్లల్ని కాపాడలేదని తీర్పు కూడా ఇచ్చింది. 1990లో ఆఫ్రికా దేశాలు కలిసి రాసుకున్న బాలల హక్కుల, సంక్షేమాల చార్టర్‌లో పిల్లల్ని అడుక్కోవడానికి వాడకుండా చూడాలని ప్రత్యేకంగా రాసి ఉంది. బయటివాళ్ళు వచ్చి నేర్పిన మాట కాదది.

మరి ఎందుకు ఆగదు? మా వీధిలో ఒక పెద్దావిడ రోజూ పొద్దున్నే పంచదార ముద్దలు, కొవ్వొత్తులు పంచుతుంది. ఇవాళ ఫలానాది దానం చేస్తే నీ పని అవుతుందని ఎవరో చెప్తారు, ఆవిడ చేస్తుంది. పిల్లలు లేకపోతే ఆవిడ పుణ్యానికి పుచ్చుకునేవాళ్ళు ఉండరు. నేను శనివారం శనీశ్వరుడికి నువ్వులు దానం ఇచ్చిన ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆవిడని నవ్వలేను. మీ చపాతీ ఆదివారం ఎవరికోసం అని మీరే ఒకసారి అడుక్కోండి, అంతే.

గోదారి గట్టు | సోమవారం, మధ్యాహ్నం 1:15

అంటే పెట్టకూడదా? ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టడం కూడా తప్పయిపోయిందా ఈ కాలంలో?

డాకర్ గాలి | సోమవారం, మధ్యాహ్నం 1:22

పెట్టండి గట్టు గారూ. పేరు అడిగి పెట్టండి. వచ్చే ఆదివారం ఆ పేరుతో పిలవండి.

కాంగో కాంట్రాక్టర్ | సోమవారం, రాత్రి 7:45

కిన్షాసాలో మూడేళ్ళు రోడ్ల పని చేశాను. అక్కడ వీళ్ళని 'షెగె' అంటారు. నాకు నమ్మకం కలగని విషయం ఏమిటంటే, చాలామందిని ఇంట్లోవాళ్ళే తరిమేశారు, మంత్రగాడివని. ఇంట్లో ఎవరైనా చస్తే, ఉద్యోగం పోతే, సవతి తల్లి వస్తే, 'ఎన్డొకి' అని పిల్లాడి మీద పెడతారు. కొన్ని చర్చిల్లో దయ్యం వదిలిస్తామని ఉపవాసాలు పెట్టి చంపినంత పని చేస్తారు. మా మెదక్ వైపు బాణామతి అని ముసలివాళ్ళ పళ్ళు రాలగొట్టిన సంగతులు విని పెరిగాను, పిల్లల మీద ఇలా అనేది అక్కడే విన్నాను. 2009 జనవరిలో వచ్చిన బాలల రక్షణ చట్టంలో పిల్లాణ్ణి మంత్రగాడని నింద వేయడమే నేరం. మా సైటులో నీళ్ళు మోసిన కుర్రాడికి ఆ సంగతి చెప్తే నవ్వి, "ఆ కాగితం మా చిన్నాన్నకి చదివి వినిపించు" అన్నాడు.

ఇంటికి పంపండి అంటున్న అక్కకి అందుకే ఒక ప్రశ్న. ఇల్లే తరిమేస్తే?

ఎల్డోరెట్ అక్క | సోమవారం, రాత్రి 9:30

మంచి ప్రశ్న. ఇల్లు అంటే పుట్టిన ఇల్లే కానక్కర్లేదు. మేనత్త, అమ్మమ్మ, లేదా వేరే కుటుంబంలో పెంపకం. 2022 పిల్లల చట్టంలో ఈ దారులున్నాయి. అదే చట్టం నేరానికి బాధ్యుడయ్యే వయసు ఎనిమిది నుంచి పన్నెండుకి పెంచింది, వీధి పిల్లల్ని స్టేషన్‌కి ఈడ్చేవాళ్ళకి తెలియాల్సిన మాట. కొందరికి ఏ కుటుంబమూ కుదరదు, వాళ్ళకి చిన్న ఇల్లు, పెద్దయ్యాక పని నేర్పడం. పదహారేళ్ళవాణ్ణి కొత్త అమ్మ దగ్గర కూర్చోబెట్టలేం కదా. ముందు వాడు ఏమంటున్నాడో వినాలి. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2017లో వీధి పిల్లల మీదే ఒక పత్రం రాసింది, అందులో మొదటి నుంచి చివరి దాకా ఇదే గోల: పిల్లాణ్ణి అడగండి.

లెక్క ఇస్తానన్నాను. ఇక్కడ ప్రభుత్వం అనాథ పిల్లల్ని సాకే పేద కుటుంబాలకి నెలకి 2,000 షిల్లింగులు ఇచ్చే పథకం 2004లో మొదలైంది. మీ 18 లక్షల్ని అదే రేటుకి భాగిస్తే ముప్పై కుటుంబాలకి రెండున్నరేళ్ళు. గోడలు రావు, శిలాఫలకం రాదు.

డర్బన్ మనవడు | మంగళవారం, ఉదయం 10:10

మా తాతల తాతలు చెరుకు తోటల్లో పనికి వచ్చినవాళ్ళు, నా తెలుగు కొంచెం వంకర, మన్నించండి. దక్షిణాఫ్రికాలో 1998లో పిల్లల సహాయ భత్యం పెట్టినప్పుడు ఏడేళ్ళలోపు పిల్లలకి నెలకి 100 రాండ్లే. అందరూ నవ్వారు. ఇప్పుడు 18 ఏళ్ళ దాకా ఉంది. గ్రానీ చేతికి ఆ డబ్బు వస్తే ఆ ఇంట్లో పిల్లకి గౌరవం వస్తుంది, నేను కళ్ళతో చూశాను. 2010 సాకర్ వరల్డ్ కప్‌కి ముందు మా డర్బన్‌లో వీధి పిల్లల్ని పోలీసులు ఎత్తుకెళ్ళారని గొడవ అయింది. అదే సంవత్సరం మార్చిలో ఇక్కడే వీధి పిల్లల కోసం మొదటి వరల్డ్ కప్ ఆడించారు. ఒకే ఊరు, ఒకే సంవత్సరం.

రాయలసీమ రౌతు | మంగళవారం, ఉదయం 11:00

నా మాట కాస్త ఎక్కువైంది. సోషల్ వర్కర్ జీతానికి అయితే నేనూ వేస్తాను. ఆశ్రమానికి వేయను, ముందే చెప్తున్నా.

పార్క్‌లాండ్స్ పులిహోర | ఐదు వారాల తరువాత, ఆదివారం, రాత్రి 10:20

కమిటీలో రెండు మీటింగులు, ఒక అలక. స్థలం ఇస్తానన్నాయన వాళ్ళ నాన్నగారి పేరు పెట్టే భవనం లేకపోతే తనకి ఆసక్తి లేదన్నారు. ఇద్దరు దాతలు డబ్బు వెనక్కి అడిగారు, ఇచ్చేశాం. మిగిలింది 13 లక్షల చిల్లర. డ్రాప్ ఇన్ సెంటర్ ఒకదానికి ఏడాదికి ఒక సోషల్ వర్కర్ జీతం ఒప్పుకున్నాం. మిగతాది కుటుంబాలకి. ఆదివారం చపాతీలు మానలేదు, గట్టు గారూ.

ఆ బాబు గురించి. వాడి పేరు నాకిప్పుడు తెలుసు, ఇక్కడ రాయను. వాళ్ళ షోషో, అంటే అమ్మమ్మ, మురాంగా వైపు టీ తోటల దగ్గర ఉంది. చిల్డ్రెన్ ఆఫీసర్ ఉత్తరం తీసుకుని సోషల్ వర్కర్ రెండుసార్లు వెళ్ళింది, మూడోసారి వాడూ నేనూ కూడా మటాటూలో, అంటే ఇక్కడి మినీబస్సులో. సీసా జేబులోనే ఉంది. షోషో వాణ్ణి చూసి ఏడవలేదు, తిట్టింది, బోలెడంత. తరువాత గితేరి (మొక్కజొన్న, బీన్స్ కలిపి ఉడికించింది) పెట్టింది. వాడు ఆ రాత్రికి అక్కడ ఉండనన్నాడు, మాతోనే తిరిగొచ్చేశాడు. వచ్చే శనివారం మళ్ళీ వెళ్దామని వాడే అన్నాడు.

ఒక డౌట్. స్కూల్లో పేరు రాయడానికి బర్త్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. షోషో దగ్గర అది లేదు గానీ, పుట్టినప్పుడు అసిస్టెంట్ చీఫ్ ఇచ్చిన నోటిఫికేషన్ కాగితం పెట్టెలో దాచింది. ఎలకలు ఒక మూల కొరికేశాయి. పనికొస్తుందా?

ఎల్డోరెట్ అక్క | ఆదివారం, రాత్రి 10:26

నంబరు కనిపిస్తోందా?

పార్క్‌లాండ్స్ పులిహోర | ఆదివారం, రాత్రి 10:27

కనిపిస్తోంది. తల్లి పేరులో సగం పోయింది.

ఎల్డోరెట్ అక్క | ఆదివారం, రాత్రి 10:31

నంబరుంటే చాలావరకు దొరుకుతుంది. లామినేషన్ మాత్రం చేయించకండి. శనివారం వెళ్ళినప్పుడు షోషో ఐడీ కార్డు జిరాక్సు తీసుకురండి, సోమవారం ఉదయం రిజిస్ట్రేషన్ ఆఫీసు తెరవకముందే క్యూలో ఉండండి.